ఎదురు నూగు

పోయిన వారం కథని నాటకశాల వేదిక మీద, నిచ్చెన పక్కన వదిలేశాం. అక్కడికే వెళదాం పదండి, మనుషులు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.

కొత్త నాటకశాలకి తెర కట్టారు. దీపాలు వేశారు. ముదురు ఎరుపు ముఖమల్ తెర, ఎనిమిది నిలువు ముక్కలు కలిపి కుట్టింది. ఆరు ముక్కలు పండిన దానిమ్మ గింజల్లా నిగనిగలాడుతున్నాయి. మూడోదీ ఆరోదీ మాత్రం వేసవంతా దండెం మీద మరిచిపోయిన దుప్పట్లలా వెలిసిపోయి వేలాడుతున్నాయి. ఒకే తాను, ఒకే రంగు, రెండు మొహాలు. ఇప్పుడు పొద్దున తొమ్మిది. సాయంత్రం ఆరింటికి ప్రారంభం. కుట్టుశాల యజమానురాలిని అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ తెరని కింద నుంచి పైదాకా చూసి, ఇది ఎవరి చేతి పనో వాళ్ళు కత్తెర ఇక్కడ పెట్టి ఇంటికి పోవచ్చు అంది. ఆ మాట ఇంకా నేల మీద పడకముందే ఏడు తలలు ఒకేవైపు తిరిగాయి. ముళ్ళక్క వైపు.

ముఖమల్ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆవు వీపు మీద చెయ్యి వేసి మెడ నుంచి తోకవైపు నిమరండి. వెంట్రుక పడుకుని తళతళమంటుంది. అదే చెయ్యి తోక నుంచి మెడవైపు తెచ్చారంటే వెంట్రుక లేచి, ఆ ఆవే ఇంకో రంగు ఆవులా కనిపిస్తుంది. ముఖమల్‌కీ అలాంటి నూగు ఉంది. తెరలో నూగు అన్ని ముక్కల్లోనూ పైకే చూడాలి. ఒక్కటి తలకిందులైనా దీపం పట్టిస్తుంది. మామూలు గుడ్డనైతే మడత వేసి ఒక్క కోతలో రెండు ముక్కలు తీస్తారు. ముఖమల్‌ని అలా మడిచారంటే పై పొర నూగు ఇటు, కింది పొర నూగు అటు అయిపోతుంది. అందుకని దాన్ని నిలువునా పరిచి, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క ముక్కే కోసుకోవాలి. నడుములు పోయే పని. ఈ తెరని కోసింది ఇద్దరు. నాలుగు ముక్కలు ముళ్ళక్క, నాలుగు బావ. ఏది ఎవరిదో గుర్తు పెట్టుకున్నవాళ్ళు లేరు. కలిపి కుట్టేశాక ఇక ఎవరిదేమిటి?

బావ అంటే ఎవరికి బావ అని అడక్కండి. పన్నెండేళ్ళ కిందట ఆ కుట్టుశాలలో పనిచేసే ఒకతనికి బావగా వచ్చాడు. బావమరిది పని మానేసి పోయి పదేళ్ళయింది, బావ మాత్రం ఉమ్మడి బావగా మిగిలిపోయాడు. అతను ఏ గదిలోకి వచ్చినా తన కోసమే అందరూ ఎదురు చూస్తున్నారన్న ధీమాతో వస్తాడు. రెండు నిమిషాల్లో అది నిజమైపోతుంది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ రోజూ మొహం కడుగుతూ, నిన్ను చూస్తే కడుపు నిండిపోతుందిరా అనేదట. అతను నమ్మాడు. అతను నమ్మాడు కాబట్టి లోకం కూడా నమ్మేసింది, పాపం లోకానికి వేరే పనేముంది.

ముళ్ళక్కకి ఏడేళ్ళప్పుడు మేనత్త ఒకావిడ, దీని మొహం చూస్తే పాలు విరుగుతాయి అంది. అన్నావిడ సాయంత్రానికి మర్చిపోయి ఉంటుంది. ఈవిడ మాత్రం ఆ మాటని ఇంటి అడ్రసులా జేబులో పెట్టుకుని తిరుగుతోంది. ఎలాగూ నచ్చను కదా అని ఎక్కడికి వెళ్ళినా మోచేతులు ముందు పంపిస్తుంది. ఎవరైనా గ్లాసుడు నీళ్ళిస్తే, ఎందుకిస్తున్నావన్నట్టు చూస్తుంది. ఆ చూపు తిన్నవాళ్ళు రెండో గ్లాసు ఇవ్వరు. అప్పుడు, చూశావా నేననుకున్నదే అయింది అని తృప్తిపడుతుంది. పదకొండేళ్ళలో ఆమె కోసిన గుడ్డకి వంక పెట్టినవాళ్ళు లేరు, ఆమె పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పినవాళ్ళూ లేరు.

పేరనేది మనిషి కంటే ముందు గడప దాటుతుంది. హాలు మేనేజరు ఈ ఇద్దరినీ ఆ రోజే చూశాడు. అయినా పది నిమిషాలు తిరక్కుండానే బావకి కుర్చీ తెప్పించాడు, ముళ్ళక్కని మాత్రం కాస్త దారికి అడ్డం లేకుండా నిలబడమ్మా అన్నాడు. ఏం చూసి అన్నావయ్యా అని అడిగితే చెప్పలేడు. మిగతా వాళ్ళు ఆమెని చూసే తీరు చూశాడు, అంతే.

ఇంతకీ ఆ రోజు తేలవలసింది తెర ఒక్కటే కాదు. పెద్దమ్మకి వయసు మీద పడి కత్తెర పట్టు తప్పుతోంది. తెర పని అవగానే పెద్దబల్ల, అంటే కుట్టుశాలలో కత్తెర పెత్తనం, ఈ ఇద్దరిలో ఒకరికి అప్పజెబుతానని ఆవిడ ముందే చెప్పింది. ముళ్ళక్కకి ఆ బల్ల కావాలి. కడుపులో ఆకలి ఉన్నంత స్పష్టంగా కావాలి. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అడిగితే కదా, లేదనిపించుకునేది.

ముందు నోరు విప్పింది బొత్తాల తాత. కుట్టేవాళ్ళు ఐదుగురిలోకీ వయసులో పెద్ద. చెయ్యి జారడం ఎవరికైనా ఉన్నదే, ఒప్పేసుకుంటే పోతుంది తల్లీ, పెద్దమ్మ ఏమన్నా రాక్షసా అని నచ్చజెప్పాడు. కాజాలు కుట్టే పిన్ని, అది ఒప్పుకునే రకమే అయితే మనకీ గొడవెందుకు అని పక్కావిడ చెవిలో అంది. ఆ చెవి వేదికకి అవతలి చివర దాకా ఉన్నట్టుంది, అందరికీ వినపడింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

ఇలాంటప్పుడు ముళ్ళక్క చేసే పని ఒకటుంది. సంచీ భుజాన వేసుకుని, అనుకోండి అని ఒక్క మాట విసిరేసి వెళ్ళిపోతుంది. తప్పు లేనప్పుడూ అంతే, ఉన్నప్పుడూ అంతే. చెయ్యి సంచీ దాకా వెళ్ళింది కూడా. పైగా ఏడుగురు ఒక్కసారి అలా చూస్తే రాయికైనా అనుమానం వస్తుంది, నేను రాయినేనా అని. నేనే చేశానేమో అని ఆమెకీ ఒక్క క్షణం అనిపించింది.

అనిపించి, వేదిక దిగి హాలు మధ్యకి నడిచింది. అందరూ వెళ్ళిపోతోందనుకున్నారు. ఆమె కుర్చీల మధ్య ఆగి వెనక్కి తిరిగింది. తను కోసిన గుడ్డని అంత దూరం నుంచి, అంత వెలుగులో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. బల్ల మీద వంగి చూసిందే తప్ప తలెత్తి చూసింది లేదు. ఒకటో ముక్క, రెండోది, అయిదోది, ఎనిమిదోది. పైనుంచి కింది దాకా ఒక్క దారం వంకర లేకుండా, చెరువులో నీళ్ళలా నిలకడగా ఉన్నాయి. ఇవి నావి, అనుకుంది. ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసింది, కన్నపిల్లల నడక తెలిసినట్టు. వీళ్ళకి నేనంటే పడకపోవచ్చు. ఈ గుడ్డకి నేనంటే పడుతుంది.

తిరిగి వేదిక ఎక్కింది. మూడో ముక్క మీద అరచెయ్యి వేసి పైకి ఒకసారి, కిందికి ఒకసారి నిమిరింది.

“మూడోది నాది కాదు. ఆరోదీ కాదు,” అంది.

మాట పెద్దగా లేదు. అందులో ముల్లు కూడా లేదు, అందుకే అందరికీ కొత్తగా వినిపించింది. కాజాల పిన్ని ముందు తేరుకుని, మరి వాటికవే శీర్షాసనం వేశాయా అని అడిగింది. రెండు నవ్వులు వినిపించాయి.

అప్పుడు బావ కుర్చీలోంచి లేచాడు. ముళ్ళక్క దగ్గరికి వచ్చి, తోడబుట్టినవాడిలా, అందరికీ వినపడేలా అన్నాడు.

“పోనీలే అక్కా. నావే అనుకుందాం. ఆ మాటేదో నేను పడతాను. నీకెందుకు చెడ్డపేరు, ఉన్నది చాలదూ?”

ఎంత చక్కగా అన్నాడో చెప్పలేను. బొత్తాల తాత కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. మేనేజరు కూడా, ఇలాంటి మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అన్నట్టు తలాడించాడు. ఇక్కడ మీరొకటి గమనించాలి. బావ నాటకం ఆడటం లేదు. తన వల్ల తప్పు జరగదని అతనికి అంత గట్టి నమ్మకం. చెయ్యని తప్పుని నెత్తిన వేసుకుంటున్నానని మనస్ఫూర్తిగా అనుకుంటున్నాడు. అబద్ధాలకోరుని పట్టుకోవడం తేలిక. తన మంచితనాన్ని తానే నమ్మినవాణ్ణి ఎక్కడని పట్టుకుంటారు?

ముళ్ళక్క అతని మొహంలోకి చూసింది.

“అనుకోవడం ఎందుకు బావా. విప్పి చూద్దాం,” అంది.

ఆమె చెప్పింది ఇది. ముఖమల్ మీద ఒక్కసారి మడత పడిందంటే ఆ గీత చచ్చినా పోదు. పరిచి కోసిన ముక్క అంచున నూగు పచ్చికలా లేచి ఉంటుంది. మడిచి, ఆ మడత దగ్గర చీల్చిన ముక్క అంచున నూగు తొక్కిన గడ్డిలా నలిగి ఉంటుంది. ఆ అంచు ఇప్పుడు కింది జానెడు మడతలో దాక్కుని ఉంది. కుట్టు నాలుగు వేళ్ళ మేర విప్పితే చాలు, ఎవరూ ఎవరి మాటా నమ్మనక్కర లేదు.

పెద్దమ్మ తల ఊపింది. ముందు తన ముక్కే విప్పమంది ముళ్ళక్క. ఒకటో దాని అంచు విప్పారు. నూగు లేచి ఉంది. మూడో దానిది విప్పారు. నలిగి ఉంది, వేలితో రాసినా లేవడం లేదు. అందరూ వంగి చూస్తున్నారు. బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ నవ్వు మొహం మీద ఉండాల్సిన చోట లేదు. నాలుగో ముక్క వెనకవైపు సుద్దతో పెట్టిన గీత ఒకటి అప్పుడే అతని కంటపడింది, అది తన చేతి గీతే. అదీ విప్పండి అన్నాడు. విప్పారు. అదీ నలిగే ఉంది. మూడు, నాలుగు ఒకే మడతలో కవలలు. ఒకటి సరిగ్గా నిలబడింది, ఒకటి తలకిందులైంది. ఆరు, ఏడు కూడా అంతే.

బావ బొత్తాల తాత వైపు తిరిగాడు.

“తాతా, ఆ రోజు గుడ్డ రెండో కొస పట్టుకున్నది నువ్వే కదా. మనం మడిచామా?”

తాత నలిగిన అంచుని వేలితో ఒకసారి రాసి చూశాడు.

“నువ్వు కథ చెబుతున్నావు బావా, నేను నవ్వుతున్నాను. గుడ్డని ఎవడు చూశాడు?”

ముళ్ళక్కకి ఆ రోజు ఇప్పుడు గుర్తొచ్చింది. వీళ్ళు గుడ్డ మడవడం అవతలి బల్ల నుంచి కంటి చివరతో చూసింది. కళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టారు, గుడ్డ బతికుండగానే చుట్టేస్తున్నారు అని అరిచింది కూడా. అది హెచ్చరిక అని వాళ్ళకేం తెలుసు. రోజూ వినే చిటపటే కదా అని ఇంకా కాస్త నవ్వుకున్నారు. చెప్పాను, కానీ చెప్పినట్టు చెప్పలేదు, అనుకుందామె. ఆ తప్పులో తన వంతు కూడా కొంత ఉంది.

బావ మొహంలో రంగు పోయింది. పాపం, ఆ మనిషికి తప్పు చేసిన అలవాటే లేదు, ఎలా నిలబడాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిచ్చెన పట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, తప్పు తనదేననీ, అక్క మీదికి పోనిచ్చినందుకు సిగ్గుపడుతున్నాననీ, కత్తెర ఇప్పుడే పెట్టేస్తాననీ చెప్పాడు. నడుముకి వేలాడే కత్తెర తీసి పెద్దమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

ఇక చూడాలి. కాజాల పిన్ని ఏడ్చేసింది. తాత వెళ్ళి బావ భుజం పట్టుకుని, పట్టుకున్నది నేను కూడా కదయ్యా, నేనూ పోతాను నీతో అన్నాడు. ఇంత నిజాయితీ ఉన్నవాణ్ణి ఎలా పంపుతారమ్మా అని తలో మాట వేశారు. ఒక్క గంట కిందట ముళ్ళక్క సంచీ ఆమె చేతికే అందించడానికి సిద్ధమైన మనుషులే. తప్పు చేసినవాడి చుట్టూ ఐదుగురు నిలబడ్డారు. చెయ్యనిది ఒక్కతే నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే, విప్పి చూపించినందుకు ఆమె మీద లోపల్లోపల కాస్త కోపం కూడా వచ్చింది వాళ్ళకి. ఆ మాట ఎవరూ అనలేదు గానీ, కాజాల పిన్ని ముక్కు చీదుకుంటూ చూసిన చూపులో అంతా ఉంది. తేలిపోయింది కదా, ఇప్పుడు నీ ప్రాణం హాయిగా ఉందా అని.

పెద్దమ్మ వంగి కత్తెర తీసి బావకి తిరిగి ఇచ్చేసింది. ఇంటికి పొమ్మని నేను కోపంలో అన్నాను, ఒక్క తెర కోసం మనిషిని పోగొట్టుకోను, అంది. అందర్నీ కిందికి పోయి కూర్చోమంది. వాళ్ళు దిగి మొదటి వరసలో కూర్చున్నారు. బావ మాత్రం నిచ్చెన వదల్లేదు.

మామూలుగా అయితే ముళ్ళక్క ఇక్కడ వెళ్ళిపోవాలి. లోకం తీరు తను అనుకున్నట్టే ఉందని మరోసారి రుజువైంది, అంతకన్నా మంచి సాకు దొరకదు. సంచీ కూడా పక్కనే ఉంది. ఆమె దాన్ని కాలితో పక్కకి జరిపింది.

ముందు పని చెప్పింది. రెండు ముక్కలూ విడదీసి, కిందది పైకి, పైది కిందికి తిప్పి కలపాలి. పైనా కిందా మడతలు ఒకే కొలత, జానెడు కాబట్టి పాత సూది రంధ్రాలన్నీ లోపలే దాక్కుంటాయి. మళ్ళీ మడత గీత పడకుండా గుడ్డని చేతుల మీద మోయాలి, ఎక్కడా ఆనించకూడదు. ఐదుగురు కుదురుగా కూర్చుంటే ఆరు గంటల పని, నాలుగింటికల్లా తెర పైన ఉంటుంది. మేనేజరు ఈసారి గడియారం చూసుకోవడం మర్చిపోయి ఆమెనే చూశాడు. అదే గొంతుతో, ఊపిరి కూడా మార్చకుండా ఆమె పెద్దమ్మ వైపు తిరిగింది.

“పెద్దబల్ల నాకు కావాలి పెద్దమ్మా. ఇంకెవరి తప్పో చూపించానని కాదు. ఆ పని మన కుట్టుశాలలో అందరికంటే నాకు బాగా వచ్చు.”

పెద్దమ్మ ఆమెని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఈ మాట వినడానికి పదకొండేళ్ళు పట్టింది కదా, ఇంకో నిమిషం పడితే ఏం అన్నట్టు నిలబడింది. ఆవిడ కష్టజీవి, మనుషుల్ని గుడ్డలాగే అటూ ఇటూ నిమిరి చూసే అలవాటుంది.

“వచ్చు. కాదన్నదెవరు?” అంది. “కానీ కోసేది ఒకరు, కుట్టేది ఐదుగురు. ఒక్కదానివే మోయడానికి అది నీ సంచీ కాదమ్మా, బల్ల. ఒక్కళ్ళు, కనీసం ఒక్కళ్ళు, నీ చేతి కింద పనిచేస్తామని వాళ్ళంతట వాళ్ళు రావాలి. వచ్చారా, బల్ల ఈ క్షణాన నీది.”

మొదటి వరసలోంచి ఎవరూ లేవలేదు. అప్పుడు ముళ్ళక్క వెనక నిచ్చెన కదిలిన చప్పుడైంది. అడుగులు దగ్గరికి వచ్చాయి.

“నేను వస్తాను,” అన్నాడు బావ. “అక్క చేతి కింద చేస్తాను.”

ఒక్క క్షణం ఆగి హాలంతా చప్పట్లు. మేనేజరు కూడా కొట్టాడు. ముళ్ళక్క ఆ చప్పట్లు విన్నది. ఎవరి కోసమో ఆమెకి తెలుసు. ఇప్పుడు తల ఊపితే బల్ల తనదవుతుంది, కానీ రేపటి నుంచి ఆ బల్ల బావ పెట్టిన భిక్ష. ఎంత పెద్ద మనసండీ, తన బల్ల ఆవిడకిచ్చేశాడు అంటారు. పదేళ్ళు ఆమె ఎన్ని తెరలు కోసినా ఆ కథే చెప్పుకుంటారు. బావ చెడ్డగా అనలేదు. ఈ మాట కూడా మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే వచ్చిన చిక్కు.

“నీ మాట మంచిది బావా, దాచుకుంటాను,” అంది. వెటకారం లేదు. “కానీ లెక్కకి రాదు. పెద్దమ్మ అడిగింది కుట్టేవాళ్ళని. నువ్వు కోసేవాడివి.”

పెద్దమ్మ పెదవి కొస కొంచెం కదిలింది. కాదనలేదు.

ముళ్ళక్క వేదిక అంచుకి నడిచి మొదటి వరస వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ ఐదుగురికీ ఇది కుట్టు, అది విప్పు అని చెప్పిందే గానీ, కుడతావా అని ఎవరినీ అడిగింది లేదు. అడగడం ఎలాగో తెలియని మనిషి మొదటిసారి అడిగితే, గొంతు కొత్త చెప్పులా ఉంటుంది. అయినా తల దించలేదు.

“నాకు కథలు చెప్పడం రాదు. నవ్వించడమూ రాదు. అరిచేది తగ్గించుకుంటాను, మానేస్తానని మాత్రం అనను. నా దగ్గర ఏ గుడ్డా తలకిందులవదు, మీరు కుట్టిందేదీ రెండోసారి విప్పాల్సిన పని రాదు. నాతో చేసేవాళ్ళెవరు?”

దీపాలన్నీ వేదిక వైపే ఉన్నాయి. ఆ వెలుగు కళ్ళలో పడి ఆమెకి మొదటి వరస నల్లగా ఉంది తప్ప మనుషులు కనిపించడం లేదు. అవి మనిషి లేవగానే తమంతట తామే ముడుచుకునే కుర్చీలు. చీకట్లో ఒక కుర్చీ టప్పుమని ముడుచుకుంది. కాసేపటికి ఇంకొకటి.

ఎవరో ఇద్దరు లేచారు. వాళ్ళ అడుగులు వేదిక మెట్ల వైపు వస్తున్నాయో, వీధి గుమ్మం వైపు పోతున్నాయో పోల్చుకోవడానికి ముళ్ళక్క ఊపిరి బిగపట్టి నిలబడింది.